భద్రమ్మ తుమ్మి పెరడు

భద్రమ్మ పుట్టింది తిరుమలగిరి దగ్గర మెట్ట ఊళ్ళో. కాపురానికి వచ్చింది మూసీలో కలిసే వాగు ఒడ్డున ఉన్న వాగొడ్డుగూడేనికి. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే బాటకు కూతవేటు దూరం ఆ ఊరు. మొగుడు పాపయ్య కూలి పనులకు పోయేవాడు. భద్రమ్మ ఇంటి వెనక పెరట్లో దోస, గుమ్మడి పాదులు పెట్టి, కాయలు గంపకెత్తుకుని సూర్యాపేట అంగడికి నడిచి పోయేది.

ఆ పెరటికి చుట్టూ కంచె ఉన్నట్టే లోపల ఒక తుమ్మి అంచు ఉండేది. తుమ్మి జానెడెత్తు మొక్క. కణుపు కణుపుకూ గుండ్రటి గుత్తి, గుత్తి చుట్టూ వడ్లగింజంత తెల్లపూలు. దారి పక్కన దానంతట అదే మొలిచే మొక్కను పని పెట్టుకుని ఎవరూ చల్లరు. భద్రమ్మ చల్లేది. ఎండిన గుత్తులు నలిపి, గింజల్ని బూడిదలో కలిపి, తొలకరి పడగానే పాదుల చుట్టూ జల్లేది. లేత కొసలు గిల్లి పెసరపప్పులో వేసి వండితే కొంచెం చేదు, కొంచెం కమ్మదనం. పువ్వు తుంచి మొదలు చప్పరిస్తే నాలుక మీద ఒక చుక్క తీపి. వినాయక చవితినాడు తుమ్మికూర వండని ఇల్లు మా వైపు ఉండదు.

భద్రమ్మ మాత్రం దాన్ని కూర కోసమే పెంచలేదు. తుమ్మి పూసిందంటే తేనె తీసే జుంటీగలు పొద్దున్నే దిగేవి. తుమ్మి మీద వాలి వాలి దోసపూల మీదికి పోయేవి. ఈగ వాలని దోసపువ్వు కింద పిందె పసుపుబారి రాలిపోతుంది. తుమ్మి ఉన్న పెరట్లో కాయ నిలుస్తుందని ఆమెకు అత్త చెప్పింది.

1948 ఎండాకాలంలో రజాకార్లు ఊరిమీద పడ్డారు. సగం ఇళ్ళు కాలిపోయాయి. భద్రమ్మ, పాపయ్య కట్టుబట్టలతో కోదాడ పోయి కూతురు మంగ ఇంట్లో తలదాచుకున్నారు. పోలీసు యాక్షన్ అయ్యి, ఇక భయం లేదని అందరూ తిరుగుముఖం పట్టినప్పుడు భద్రమ్మ కోదాడ బాట పక్కన ఎండిన తుమ్మి గుత్తులు ఏరి కొంగున ముడివేసుకుంది.

"ఊరంతా కాలిపోయి ఉంటే ఈ పిచ్చిమొక్కల గింజలు ఎందుకమ్మా నీకు?" అంది మంగ.

"ఇంటి మీదికి తాటాకు ఎవలనడిగినా ఇస్తరు బిడ్డా. తుమ్మి గింజ ఎవలిస్తరు?" అంది భద్రమ్మ.

భయం పోలేదు. రజాకార్లు పోయాక పటాలం వచ్చింది. సంఘపోళ్ళు, అదే దొరలమీద తిరగబడ్డ కమ్యూనిస్టులు, అడవుల్లోనూ వాగుల్లోనూ దాగారనీ, ఊళ్ళవాళ్ళు వాళ్ళకు అన్నం పెడుతున్నారనీ చెప్పి మిర్యాలగూడ బాట మీద డేరాలు వేసి క్యాంపు పెట్టారు. ఆ చలికాలంలోనే ఒకనాడు జవాన్లు పాపయ్యను తీసుకుపోయారు. అతను సంఘంలో లేడు. ఎవరో పేరు చెప్పారు, అంతే. పాపయ్య తిరిగి వచ్చేసరికి అరికాళ్ళు వాచి చీలి ఉన్నాయి. కాళ్ళు మానాయి గానీ మనిషి మునుపటి మనిషి కాలేదు. కూలికి పోవడం మానేశాడు. బాట మీద లారీ చప్పుడైతే లేచి ఇంట్లో మూలకు పోయి కుండల వెనక నిలబడేవాడు. ఆ చప్పుడు పోయిందని భద్రమ్మ చెప్పేదాకా కదిలేవాడు కాదు.

1949 వానాకాలం మొదట్లో క్యాంపు నుంచి హుకుం వచ్చింది. ఊరి చుట్టూ పంట తప్ప పొదలు, కంచెలు, గడ్డి ఏదీ ఉండకూడదు. మనిషి దాగే చోటు కనబడితే ఆ భూమి గలవాళ్ళను పట్టుకుపోతారు. ఊరు ఊరంతా కొడవళ్ళు పట్టుకుని దిగింది. బలుసు పొదలు, ఈత పొదలు, తంగేడు, వాటితో పాటు గట్ల మీది గడ్డీ తుమ్మీ అన్నీ పోయాయి. ఊరు గుండు చేయించుకున్నట్టు అయింది. భద్రమ్మ తన పెరటి కంచె తనే పీకేసింది. పాదుల చుట్టూ ఉన్న తుమ్మి మోకాలి ఎత్తు కూడా లేదు, మనిషి దాగే చోటు కాదని దాని జోలికి ఎవరూ రాలేదు.

ఆషాఢం దాటేసరికి తుమ్మి పూసింది. ఊళ్ళో మిగిలిన పువ్వంతా అక్కడే కావడంతో ఈగలన్నీ అక్కడికే వచ్చాయి. పొద్దున్నే పెరట్లో అడుగుపెడితే సన్నటి రొద. దోసపిందెలు నిలవడం మొదలుపెట్టాయి.

అప్పుడే ఒక పొద్దున ఆమె ఒక సంగతి గమనించింది. వాగు వైపు అంచున తుమ్మి ఎవరో తెంపుకుపోయారు. ఆకూ పువ్వూ కలిపి దూసేశారు. మరునాడు మరికొంత. మేకలు తిన్న గుర్తు కాదు, చేతి గుర్తు. పక్కనే వేలంత లేత దోసపిందెలు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పోలేదు.

భద్రమ్మకు మొదట కోపం వచ్చింది. పూలు దూసేసిన వైపు ఈగ రాలేదు. తర్వాత ఆలోచనలో పడింది. ఊళ్ళోవాళ్ళైతే అడిగి తీసుకుపోతారు. అడగలేనివాళ్ళెవరో వస్తున్నారు. ఆకలికి వచ్చినవాళ్ళు కాయ ముట్టకుండా పిచ్చికూర తెంపుకుపోతున్నారు.

పాపయ్యకు చెప్పకుండా ఉండాల్సింది. నోరు జారి చెప్పింది.

అతని మొహం తెల్లబడింది. "పటేలుకు చెప్పు," అన్నాడు.

"ఎవలో ఏందో తెల్వకుండ ఏం చెప్పాలె?"

"ఎవలైతేంది? మన పెరట్లకెల్లి తింటున్నరు. రేపు ఆళ్ళు దొరికితె మనం పెట్టినమంటరు. మల్ల నన్నే తీస్కపోతరు. నేను మల్ల పోలేనే భద్రీ, నాతోని కాదు."

మరునాడు భద్రమ్మ చీకటి విడీ విడవకముందే పెరట్లో దోసపాదు పక్కన కూర్చుంది.

వాగు గట్టు ఎక్కి వచ్చింది ఒక ఆడమనిషి. లంబాడి మనిషి. చిరిగిన లంగా, రవికె మీద అద్దాలు, మోచేతి పైనుంచి భుజందాకా తెల్లటి గాజులు. వంగి తుమ్మి మీద చెయ్యి వేసింది.

"కొసలు గిల్లుకో. పువ్వు ఉంచు," అంది భద్రమ్మ.

ఆ మనిషి ఉలిక్కిపడి పరుగెత్తబోయి, కాలు జారి గట్టు మీద కూలబడింది. భద్రమ్మ కదలలేదు. తన ఒళ్ళోని జొన్నరొట్టె తీసి పాదు పక్కనున్న బండ మీద పెట్టింది. ఆమె కాసేపు రొట్టెనూ భద్రమ్మనూ మార్చి మార్చి చూసింది. రొట్టె తీసుకుంది గానీ తినలేదు, కొంగులో కట్టుకుంది.

"తినవేం?"

"మా ఆదిమికి," అంది. మా ఆయనకు అని.

ఆమె పేరు రంగి. మొగుడు లింగ్యా. సంఘపోళ్ళకు రొట్టెలిచ్చారని వాళ్ళ తండాను ఖాళీ చేయించి, అందర్నీ బాట పక్కన ముళ్ళతీగ కంచెలో పెట్టారు. లింగ్యాను క్యాంపుకు తీసుకుపోయి కొట్టి వదిలారు. మళ్ళీ పిలుస్తారని తెలిసి ఇద్దరూ కంచె కింద నుంచి దూరి పారిపోయారు. మిర్యాలగూడ అవతల దామరచర్ల వైపు రంగి అన్న బిచ్చా ఉంటాడు. అక్కడికి పోవాలి. లింగ్యాకు జ్వరం, అడుగు వెయ్యలేడు. వాగులో కలిసే సన్నటి ఒర్రెలో కోసుకుపోయిన ఒక గండి కింద దాగి ఉన్నారు. తుమ్మి ఉడకబెట్టుకుని తింటున్నారు.

"యాడీ, ఎవలకు చెప్పకు," అంది రంగి. యాడి అంటే వాళ్ళ మాటలో అమ్మ.

భద్రమ్మ ఇంట్లోకి పోయి తన పాత చీర ఒకటి తెచ్చి ఇచ్చింది. "నీ అద్దాలు ఎండకు మైలు దూరం మెరుస్తయి. గీ చీర కట్టుకో. గాజులు గూడ తీసెయ్యి."

రంగి చీర తీసుకుంది. గాజుల మాటకు తల అడ్డంగా ఊపింది. మొగుడు బతికుండగా అవి తీయరు. ఆ మనిషి ఆ గండిలో చావుబతుకుల్లో ఉంటే అసలే తీయదు. భద్రమ్మ రెట్టించలేదు.

అప్పటినుంచి రంగి వస్తే కొసలు గిల్లుకునేది. పాదు పక్కన బండ కింద ఒక రొట్టె, చిటికెడు ఉప్పు ఉండేవి. పాపయ్య తన వంతు రొట్టె చిన్నదైందని అనలేదు. చూసి ఊరుకునేవాడు. తన మొగుణ్ణి తనే ఆ క్యాంపు వైపు నెడుతున్నానా అని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. రేపటినుంచి బండ కింద ఏమీ పెట్టకూడదని కూడా అనుకుంది. తెల్లారేసరికి మళ్ళీ పెట్టేది.

చవితి దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం ఊరి అజమాయిషీ చూసే పోలీసు పటేలు వచ్చాడు. వెంట క్యాంపు జమేదారు, నలుగురు జవాన్లు. పాపయ్య కుండల వెనక్కు పోయాడు. భద్రమ్మ పెరట్లోనే నిలబడింది.

పటేలు చేతిలో కొన్ని వాడిన కాడలు ఉన్నాయి. వాటిని ఆమె ముందు పడేశాడు.

"ఏందే ఇది?"

"తుమ్మి కాడలు పటేలా."

"వాగుల ఒర్రె కాడ మూడు రాళ్ళ పొయ్యి దొరికింది. పొయ్యి పక్కన గివి. ఊరి సుట్టు తుమ్మి కొట్టేసి ఎన్నాళ్ళయ్యింది? ఇప్పుడు ఉన్నది నీ పెరట్లనే. ఒర్రెలకు ఎట్ల పోయింది?"

వాళ్ళు దొరికారా అని అడగబోయి నాలుక కరుచుకుంది. దొరికి ఉంటే పటేలు ఇలా అడగడు. వాళ్ళు చోటు మార్చి ఉంటారు.

"ఎవలన్న దొంగతనంగ తెంపుకపోయిన్రేమో. నేను రాత్రింబవళ్ళు కావలి ఉంటనా?"

పటేలు ఆ మాట ఉర్దూలో జమేదారుకు చెప్పాడు. జమేదారు పెరడంతా చూశాడు. తెల్లటి పూల మీద ఈగలు ముసురుతున్నాయి. అతను చేత్తో కోస్తున్నట్టు సైగ చేశాడు.

"ఇప్పుడే కొట్టెయ్యమంటున్నడు," అన్నాడు పటేలు.

"పటేలా, చవితి దాకా ఆగు. అంతా కొట్టేసిన్రు. నా పెరట్ల తుమ్మి పోతే ఊర్ల ఏ ఇంట్ల కూర వండుతరు? దొరసానమ్మ ఏటేట నా పెరట్ల కూరనే తీస్కపోతది. ఈసారి ఏమని చెప్పాలె?"

పటేలు తల్లి రాజమ్మను ఊరంతా దొరసానమ్మ అనేది. ఆమె మడికీ పూజకూ ఇంట్లో కొడుకుతో సహా అందరూ హడలిపోయేవారు. పటేలు మీసం నిమురుకుని జమేదారుతో చాలాసేపు మాట్లాడాడు. జమేదారు మొదట వద్దన్నాడు. తర్వాత ఏదో తట్టినట్టు పెరటి పక్కన ఎదిగిన జొన్నచేను వైపు చూసి సరేనన్నాడు.

"చవితి మరునాడు ఒక్క మొక్క ఉండొద్దు. నీ చేతితోనే కొట్టెయ్యాలె," అని పటేలు వెళ్ళిపోయాడు.

జమేదారు అంత తేలికగా ఎందుకు ఒప్పుకున్నాడో భద్రమ్మకు ఆ సాయంత్రం తెలిసింది. జొన్నచేనులో ఒకచోట కంకులు గాలి లేకుండా కదిలాయి. తర్వాత ఒక దగ్గు. బీడీ వాసన. చేనులో మనుషుల్ని పెట్టారు. తుమ్మి కోసం వచ్చేవాళ్ళ కోసం కాపు కాస్తున్నారు. అందుకే చవితి దాకా ఉంచమన్నారు.

మరునాడు రంగి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఒర్రె నుంచి మారిన చోటు భద్రమ్మకు తెలియదు. తెలిసినా పోలేదు, చేనులోంచి ఆమె ప్రతి అడుగూ కనబడుతుంది. బండ కింద రొట్టె పెట్టడం మానేసింది. రంగి వద్దామనుకుంటే ఆపే దారి ఏదీ లేదు.

చవితి ముందురోజు భద్రమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "రేపు కోడి కూయంగనే రాండ్రి. పొద్దెక్కితే కూర దొరకదు. అందరు రాండ్రి," అని పిలిచింది. ఇరుగమ్మకూ పొరుగమ్మకూ చెప్పింది, చాకలి వాడకు పోయి చెప్పింది, మాల వాడకు పోయి చెప్పింది. పెరట్లో అంతమంది ఆడవాళ్ళ గొంతులు వినబడితే రంగి గట్టు దగ్గరే ఆగి వెనక్కు పోతుందని ఆమె ఆశ.

చవితినాడు తూరుపు తెల్లబడకముందే ఆడవాళ్ళు గంపలతో దిగారు. సన్నటి తుంపర. ఊళ్ళో తుమ్మి మరెక్కడా లేదు కాబట్టి ఎవరూ ఇంట్లో ఆగలేదు. దొరసానమ్మ కూడా తడిబట్ట కట్టుకుని తనే వచ్చింది. భద్రమ్మ కావాలని గట్టిగా మాట్లాడుతోంది, నవ్వుతోంది. కళ్ళు మాత్రం వాగు గట్టు మీదే ఉన్నాయి.

అంతలో వాగు గట్టు మీద ఒక మనిషి కనబడింది. పాత చీర, నెత్తి మీద ముసుగు. ఆగలేదు. వెనక్కు పోలేదు. నేరుగా వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుని తుమ్మి మీద చెయ్యి వేసింది.

భద్రమ్మ ఆమె పక్కకు జరిగి, తల ఎత్తకుండా, "ఎందుకొచ్చినవ్? పో," అంది పెదవుల మీదనే.

"లింగ్యా మాట్లాడతలేడు యాడీ," అంది రంగి. "రాత్రికెల్లి కండ్లు తెరుస్తలేడు."

పక్కనున్న యాదమ్మ వాళ్ళిద్దర్నీ చూసి మాట ఆపింది. ఆమె ఆపడంతో అటు పక్కవాళ్ళూ ఆపారు. ఒక్కొక్క గొంతే తగ్గిపోయి పెరడంతా ఈగల రొద మాత్రమే మిగిలింది. అప్పుడే జొన్నచేనులోంచి జవాన్లు లేచారు. ఊరి వైపు నుంచి జమేదారూ పటేలూ వచ్చారు.

జమేదారు ఏదో అన్నాడు. పటేలు చెప్పాడు: "ఎక్కడోళ్ళక్కడనే కూసోండ్రి. అందరు మన ఊరోళ్ళేనా కాదా నేను సూడాలె."

అతను ఒక్కొక్క మొహం చూసుకుంటూ వరుసగా రావడం మొదలుపెట్టాడు. ముసుగులు తీయించాడు. యాదమ్మ, చాకలి వీరమ్మ, కమ్మరి దుర్గమ్మ. భద్రమ్మ చెయ్యి తుమ్మి కొసలు గిల్లుతూనే ఉంది, ఏం గిల్లుతోందో తెలియడం లేదు. రంగి వంగి పక్కనున్న గంప దగ్గరకు లాక్కోబోయింది. తడిసిన కొంగు భుజం మీంచి జారింది. తెల్లటి గాజులు బయటపడ్డాయి.

ఎదురుగా కూర్చున్న దొరసానమ్మ వాటిని చూసింది. రంగి మొహం చూసింది. భద్రమ్మ మొహం చూసింది. పటేలు ఇంకా నలుగురి అవతల ఉన్నాడు.

దొరసానమ్మ లేచింది. వచ్చి రంగి ముందు నిలబడి, జారిన కొంగు పట్టుకుని విసురుగా ఆమె భుజాల మీదికి లాగి కప్పింది.

"ఏమే, వానల తడుస్తవా, కూర తెంపుతవా? నీకు పని చెప్పిన నాది తప్పు. గంప నెత్తిన పెట్టుకో. నడువ్ ఇంటికి."

పటేలు దగ్గరకు వచ్చాడు. తల్లినీ, ముసుగులో ఉన్న మనిషినీ చూశాడు. ఆ మనిషి తన ఇంటి మనిషి కాదని అతనికి తెలుసు. పెరట్లో ఉన్న ఆడవాళ్ళందరికీ తెలుసు. జమేదారు అతని నోటి వంక చూస్తున్నాడు.

"పూజకు ఆలస్యమైతుంది," అంది దొరసానమ్మ కొడుకుతో. "ఇంకా ఎంతసేపు ఆడోళ్ళ మొహాలు సూస్తవ్?"

పటేలు తల్లి మీది నుంచి చూపు తిప్పుకున్నాడు. "మా ఇంటి మనిషే," అన్నాడు జమేదారుతో.

రంగి గంప ఎత్తుకుని దొరసానమ్మ వెనక నడిచింది. ఆ ఇద్దరూ సందు మలుపు తిరిగేదాకా భద్రమ్మ వాళ్ళ వెనకే చూస్తూ కూర్చుంది.

పూజ అయ్యాక దొరసానమ్మ కబురు పంపింది. భద్రమ్మ పోయేసరికి ఆమె పశువుల కొట్టం దగ్గర నిలబడి ఉంది. రంగి లోపల కూర్చుని ఉంది.

"ఈ పొద్దే పంపెయ్యి," అంది దొరసానమ్మ. "ఈ పొద్దు నా కొడుకు నా మాటకు కట్టుబడ్డడు. రేపు వాని నోరు నాది కాదు."

"దొరసానీ, నీ మేలు..."

"మేలు లేదు గీలు లేదు. దేవునికి పెట్టే కూర తెంపేకాడ ఒక ఆడమనిషిని ఈడ్చుకపోతే ఆ కూర నేనెట్ల వండుతనే? నా పూజ పాడైతదని అడ్డమొచ్చిన. ఇగ పో."

భద్రమ్మ ఇంటికి వచ్చి పాపయ్యకు అన్నీ చెప్పింది. లింగ్యాను మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోవాలి, అందుకు పక్కింటి గోపయ్య ఎద్దుబండి అడగాలి. "నేనే పోదును. జవాన్లు పెరట్ల కూసున్నరు. నేను కనబడకపోతే పట్టుకుంటరు," అంది.

పాపయ్య నేల చూస్తూ కూర్చున్నాడు. "నాకు ఇంట్లకెల్లి బయటికి పోవుడే శాతనైత లేదు," అన్నాడు.

"సరే. సూసిరా. సూసినంక నీ ఇష్టం."

కొట్టం నుంచి రంగి ముందు, పాపయ్య వెనక. తుంపరలో వాగు అవతల జమ్ముగడ్డి లోపలికి పోయారు. లింగ్యా నేల మీద పడి ఉన్నాడు, ఒళ్ళు కాలిపోతోంది. కప్పిన గుడ్డ కింద నుంచి పాదాలు బయటికి ఉన్నాయి. అరికాళ్ళు వాచి, అడ్డంగా చీలి, చీలికల్లో చీము పట్టి ఉన్నాయి. పాపయ్య ఆ పాదాల దగ్గర కూర్చుండిపోయాడు. ఆ దెబ్బలు ఏ కట్టెతో పడతాయో, కొట్టేటప్పుడు కాళ్ళు ఎలా కట్టేస్తారో అతనికి తెలుసు. లింగ్యాను భుజాన ఎత్తుకున్నాడు.

పొద్దు వాలకముందే పాపయ్య తోలుతున్న గోపయ్య బండి మిర్యాలగూడ బాట ఎక్కింది. లింగ్యాకు పాపయ్య ధోవతి కట్టి, రుమాలు చుట్టారు. రంగి ముసుగు వేసుకుని పక్కన కూర్చుంది. బండి కనుమరుగయ్యాక భద్రమ్మ పెరట్లోకి వచ్చి జవాన్ల కళ్ళెదుట దోసపాదులకు మట్టి ఎగదోసింది. ఆ రాత్రి ఆమె ఇంట్లో తుమ్మికూర వండిన కుండ వండినట్టే ఉండిపోయింది.

తెల్లారగానే జమేదారు మనిషి వచ్చి కొడవలి చూపించాడు. భద్రమ్మ వంగి కొయ్యడం మొదలుపెట్టింది. పూలతో నిండిన గుత్తులు కుప్ప పడుతుంటే ఈగలు కుప్ప మీదికీ మొదళ్ళ మీదికీ తిరిగాయి. కొన్ని ఆమె చేతుల మీద వాలాయి. ఒక పక్క కోస్తోంది, ఒక పక్క బండి చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంది. బాట మీద రెండు లారీలు పోయాయి. బండి రాలేదు. మూడు వైపులా కోయడం అయిపోయింది. బండి రాలేదు. పాపయ్యను దింపేసి ఉంటారు. ఆ మూడు రాళ్ళ పొయ్యి ఎవరిదో అడుగుతూ ఉంటారు. ఈసారి ఆ మనిషి తిరిగి రాడు. పంపింది నేనే. ఈ మాటలే ఆమె తలలో తిరిగాయి. కొడవలి వేలికి తగిలి రక్తం కారినా చూసుకోలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గోపయ్య ఎద్దుల గంటలు వినబడ్డాయి. పాపయ్య ఒక్కడే బండి మీద ఉన్నాడు.

అతను లోపలికి వచ్చి చెంబెడు నీళ్ళు తాగాకే మాట్లాడాడు. మూసీ దాటే చోట నాకా పెట్టి బండ్లను ఆపి చూస్తున్నారు. అక్కడ నిలబడిన జవాను ఎవరో కాదు, చలికాలంలో క్యాంపులో పాపయ్యను కొట్టినవాడు.

"నన్ను సూడంగనే గుర్తువట్టిండు. నాకు చేతులు కాళ్ళు వణికినయ్. పగ్గం జారిపోయింది. నోట మాట రాలె. ఉచ్చ గూడ పడ్డది భద్రీ." అతను మొహం అటు తిప్పుకున్నాడు. "వాడు పక్కోన్ని పిలిచి నన్ను సూపెట్టి నవ్విండు. ఇద్దరు నవ్విన్రు. బండ్ల ఎవలని అడిగితే బామ్మర్ది, జరమని చెప్పిన. వాడు బండిల సూడనే లేదు. నన్నే సూసి నవ్వుకుంట పొమ్మన్నడు."

వాడి ఎదుట ఎవరైనా అలా వణకడమే వాడికి అలవాటు. ఆ వణుకు వెనక ఇంకేదైనా ఉంటుందని వాడికి తోచలేదు. దవాఖానలో లింగ్యాను చేర్చుకున్నారు. రంగి అన్నకు కబురు పంపడానికి దామరచర్ల వైపు పోయే ఒక బండివాడు దొరికాడు.

భద్రమ్మ ఏడ్చింది. పాపయ్యకు బండిలో ఉచ్చ పడినందుకు కాదనీ, తిరిగి వచ్చినందుకనీ అతనికి చెప్పాలనుకుంది. వేడినీళ్ళు పెట్టి అతనికి స్నానం చేయించింది.

ఆ ఏడు దోస సరిగా కాయలేదు. పూలు విరగబూశాయి, పిందెలు పసుపుబారి రాలాయి. అప్పటికే నిలిచిన కాయలు కొన్ని దక్కాయి, వాటినే సూర్యాపేట అంగడికి తీసుకుపోయింది. చలికాలమంతా అంబలితో గడిచింది. కోసిపడేసిన తుమ్మిని ఆమె పారెయ్యలేదు. కింది కణుపుల్లో గింజ ముదిరిన గుత్తులు ఉంటాయని నీడన ఆరబెట్టింది. దులిపితే దోసిలి కూడా నిండలేదు.

పండగ వెళ్ళిన చాన్నాళ్ళకు పాపయ్య గోపయ్యతో కలిసి మిర్యాలగూడ పోయినప్పుడు దవాఖానలో అడిగాడు. జ్వరం తగ్గాక ఆ మనిషిని బామ్మర్ది వచ్చి తీసుకుపోయాడని చెప్పారు. ఒక కాలు మాత్రం నేలకు పూర్తిగా ఆననిచ్చేవాడు కాదట. అంతకు మించి వాళ్ళ సంగతి తెలియలేదు.

పటేలు తల్లితో చాలా రోజులు మాట్లాడలేదని ఊళ్ళో అనుకున్నారు. భద్రమ్మ ఇంటి వైపు మాత్రం మళ్ళీ ఎవరూ రాలేదు. మరుసటి వానాకాలంలో ఆమె ఆ గింజల్ని పాదుల చుట్టూ చల్లింది. మొలకలు అక్కడక్కడా వచ్చాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు అడిగితే కూర ఇవ్వలేదు, ఆ ఏడు గింజ కట్టనివ్వమంది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

పాపయ్య కూలికి పోవడం మొదలుపెట్టాడు. లారీ చప్పుడైతే మూలకు పోవడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. క్యాంపు ఎత్తేసి, నాకా తీసేసి, అక్కడ గడ్డి మొలిచాక కూడా మిర్యాలగూడ పోవాల్సి వస్తే ఆ చోటు రాకముందే బండి దిగిపోయేవాడు. పొలాల్లోంచి చుట్టు తిరిగి నడిచి వచ్చి, అవతల మళ్ళీ బండి ఎక్కేవాడు. గోపయ్య ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఎద్దుల్ని నెమ్మదిగా నడిపిస్తూ అతని కోసం ఆగేవాడు.